రెండు ప్రైవసీ సదస్సులు: దేనికి విమానం ఎక్కవచ్చు, దేన్ని ఇంట్లో చూడవచ్చు

ముందే తీర్పు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇంటర్నెట్ భద్రత, గోప్యత, వాటి చుట్టూ అల్లుకున్న ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసేవాళ్లు కలుసుకునే సదస్సుల్లో విమానం ఎక్కి వెళ్లదగ్గది పెట్స్ (ప్రైవసీ ఎన్‌హాన్సింగ్ టెక్నాలజీస్ సింపోజియం). ఇంట్లో కూర్చుని తనివితీరా చదువుకోదగ్గది యూసెనిక్స్ సెక్యూరిటీ. 2024లో ఈ రెండిటికీ వెళ్లాను. పెట్స్ జులైలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో జరిగింది, యూసెనిక్స్ ఆగస్టులో ఫిలడెల్ఫియాలో.

నేను హైదరాబాద్‌లో ఒక చెల్లింపుల కంపెనీలో ప్రైవసీ ఇంజనీరును. ఈ సమాచారం ఎందుకు సేకరిస్తున్నారు, ఎన్నాళ్లు దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అని సాటి ఇంజనీర్లను విసిగించడం నా ఉద్యోగం. పరిశోధకురాలిని కాను, నా పేరుతో ఒక్క పేపరూ లేదు. బ్రిస్టల్ ఖర్చు కంపెనీ పెట్టుకుంది. ఫిలడెల్ఫియాకు రిజిస్ట్రేషన్ వాళ్లది, విమానం టికెట్టు నాది, బస మా పిన్ని కూతురిది. కాబట్టి ఇది ఇచ్చిన డబ్బుకు ఏం దక్కిందో లెక్క చూసుకునే శ్రోత రాసిన సమీక్ష. పేపరు అంగీకరించారన్న సంతోషంలో ఉన్న పీహెచ్‌డీ విద్యార్థి రాస్తే ఇంకోలా ఉంటుంది.

ఈ రంగానికి కొత్తవాళ్ల కోసం ఒక మాట. చాలా శాస్త్రాల్లో గొప్ప పని జర్నల్‌లో అచ్చవుతుంది, సదస్సు అంటే కలుసుకోవడానికి ఒక సాకు. కంప్యూటర్ సైన్సులో అలా కాదు. ఇక్కడ సదస్సులో పేపరు పడటమే ప్రచురణ. సమీక్షకులు నెలల తరబడి చదివి, తిరగ్గొట్టి, మళ్లీ రాయించి, చివరికి కొద్దివాటినే తీసుకుంటారు. ఉద్యోగాలు, ప్రమోషన్లు వాటి మీదే నడుస్తాయి. అందుకే ఈ హాళ్లలో వేదికెక్కేవాళ్ల ముఖాల్లో పరీక్ష రాసే విద్యార్థి కంగారు కనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ రెండు సదస్సుల పేపర్లూ ఎవరైనా ఉచితంగా దించుకుని చదువుకోవచ్చు. ప్రసంగాల వీడియోలూ చాలావరకు తర్వాత దొరుకుతాయి. మరి రుసుము దేనికి కడుతున్నట్టు? టీ విరామానికి. హాలు బయట కప్పు పట్టుకుని నిలబడ్డ మనిషితో మాట్లాడే అవకాశానికి. అందుకని నా కొలత ఒక్కటే. ఎవరూ తెలియని మనిషి వెళ్లి ఆ గుంపులో నిలబడితే సాయంత్రంలోపు పనికొచ్చే సంభాషణ ఒకటి జరుగుతుందా, జరగదా?

యూసెనిక్స్‌తో మొదలుపెడతాను. ఇది 1975 నుంచి ఉన్న కంప్యూటర్ నిపుణుల సంఘం, లాభాపేక్ష లేనిది, సెక్యూరిటీ అది నడిపే సదస్సుల్లో ఒకటి. 2008 నుంచి తన సదస్సుల పేపర్లన్నిటినీ అందరికీ తెరిచి పెట్టింది. ఈ ఒక్క నిర్ణయానికి నేను వాళ్లకు జీవితాంతం రుణపడి ఉంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో వేరేచోట్ల ఒక పేపరు తెరవబోతే క్రెడిట్ కార్డు నంబరు అడిగేది. భీమవరంలో చదివే పిల్లకు, బోస్టన్‌లో చదివే పిల్లకు ఒకే రోజున ఒకే పేపరు అందడం చిన్న విషయం కాదు. ఇంటర్నెట్‌లో మనమెవరో తెలియకుండా దాచే టోర్ నెట్‌వర్క్ రూపకల్పనను వివరించిన పేపరు 2004లో ఈ సదస్సులోనే వచ్చింది. 1999లో ఆల్మా విటెన్, డగ్ టైగర్ తమ ప్రయోగాన్ని చెప్పిందీ ఇక్కడే. ఆ ప్రయోగంలో పన్నెండు మందికి మెయిళ్లను గుప్తీకరించే పీజీపీ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చి, తొంభై నిమిషాల్లో ఒక మెయిల్‌ను సంతకం చేసి, గుప్తీకరించి పంపమన్నారు. సరిగ్గా చేయగలిగినవాళ్లు మూడోవంతు మందే. సాఫ్ట్‌వేర్ చేతకాకపోతే తప్పు వాడేవాడిది కాదు, తయారుచేసినవాడిది అని ఈ రంగం ఒప్పుకోవడం అక్కడి నుంచే మొదలైందని చెప్పాలి. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరి చేతా ఆ పేపరు చదివిస్తాను. వాళ్లు పీజీపీ అంటే ఏమిటని అడుగుతారు. అదీ ఒక జవాబే.

ఇంత పేరున్న సదస్సుకు స్వయంగా వెళ్తే ఎలా ఉంటుంది? పెద్దగా ఉంటుంది. నాలుగు వందలకు పైగా పేపర్లు, మూడు రోజులు, ఒకేసారి ఏడు హాళ్లు. ఒక్కొక్కరికి పావుగంట కూడా దక్కదు. పెళ్లిళ్ల సీజన్లో ఒకే ముహూర్తానికి ఏడు పిలుపులు వచ్చినట్టే. ఎక్కడ కూర్చున్నా మిగిలిన ఆరూ పోగొట్టుకుంటున్నామన్న బాధ తప్పదు. నేను మొదటి పూట హాలు నుంచి హాలుకు పరుగులు తీశాను. మధ్యాహ్నానికి ఆ పని మానేసి ఒకేచోట కూర్చున్నాను.

ఇంకా ముఖ్యమైన లోటు ఒకటుంది. భద్రత రంగంలో వార్త సదస్సు కోసం ఆగదు, ఆగకూడదు కూడా. టెర్రాపిన్ దాడినే తీసుకోండి. సర్వర్లు నడిపే ప్రతి ఒక్కరూ దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లడానికి రోజూ వాడే ఎస్‌ఎస్‌హెచ్‌లో లోపం అది. దారిలో పొంచి ఉన్నవాడు సందేశాల వరుస సంఖ్యలతో ఆడుకుని, సంభాషణ మొదట్లో వచ్చే కొన్ని సందేశాలను రెండు వైపులా తెలియకుండా కత్తిరించేయగలడు. జర్మనీలోని బోఖుమ్ పరిశోధకులు దాన్ని 2023 డిసెంబరులో బయటపెట్టారు. ఆ వారమే మా జట్టు సర్వర్లన్నీ చూసుకుని ప్యాచ్‌లు వేసింది. ఫిలడెల్ఫియాలో ఆ పేపరు చదివేనాటికి ఆగస్టు. యాపిల్ ఎం శ్రేణి చిప్పుల మీద గోఫెచ్ దాడి కథా అంతే. మార్చిలో ప్రపంచమంతా చదివింది, ఆగస్టులో వేదికెక్కింది. ఇందులో నిర్వాహకుల తప్పేమీ లేదు. లోపాన్ని ముందు కంపెనీలకు చెప్పి, సరిదిద్దాక లోకానికి చెప్పి, ఆ తర్వాత వేదికెక్కడమే పద్ధతి. కానీ కొత్త సంగతి వినడానికే వెళ్తున్నామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకుని వెళ్లాలి.

మరి టీ విరామం? నా అనుభవం మిశ్రమం. అంత గుంపులో ఒకే విశ్వవిద్యాలయం వాళ్లు ఒకచోట, ఒకే గురువు శిష్యులు ఇంకోచోట వలయాలుగా నిలబడతారు. పొగరు కాదు, ఏడాదికోసారి కలుసుకునే స్నేహితులు మరి. మెడలో వేలాడే కార్డు మీద కంపెనీ పేరు చూసి నాతో మాట్లాడినవాళ్లలో సగం మంది ఉద్యోగాల గురించి అడిగారు. చేస్తున్న పనిని ఒక పెద్ద కాగితం మీద అంటించి వివరించే పోస్టర్ల దగ్గర మాత్రం వేరు. పోస్టరు పక్కన నిలబడ్డవాడు పారిపోలేడు, ఎన్ని ప్రశ్నలైనా అడగవచ్చు. యూసెనిక్స్‌కు వెళ్లేవాళ్లు పోస్టర్ల వేళ మాత్రం వదులుకోవద్దు.

ఊరి సంగతి కూడా చెప్పాలి. సదస్సు జరిగిన హోటల్‌కు ఎదురుగానే రీడింగ్ టెర్మినల్ మార్కెట్ ఉంది. 1893 నుంచి నడుస్తున్న పాత బజారు. శాకాహారికి అక్కడ కడుపు నిండుతుంది. వేడి ప్రెట్జెల్, వెన్న పూసింది, దాని ముందు హోటల్ శాండ్‌విచ్‌లు దిగదుడుపే. ఆదివారం మాత్రం పెన్సిల్వేనియా డచ్ వాళ్ల దుకాణాలు మూసి ఉంటాయి. ఎక్స్‌టన్‌లో ఉండే మా పిన్ని కూతురి ఇంటి నుంచి లోకల్ రైలు నేరుగా ఈ మార్కెట్ పక్క స్టేషన్‌కే వస్తుంది. "అక్కా, ఇంత దూరం వచ్చి రోజూ ఆ హోటల్లోనే కూర్చుంటావా? లిబర్టీ బెల్ అయినా చూడవా?" అని అది నా మీద కోప్పడింది. చూశాను. సదస్సులో పొద్దున్నే వచ్చే క్రిప్టోగ్రఫీ హాలు ఒకటి ఎగ్గొట్టి మరీ చూశాను.

యూసెనిక్స్‌కు ముందు అదే ఊళ్లో సూప్స్ అనే చిన్న సదస్సు జరిగింది. మనుషులు భద్రతను, గోప్యతను ఎలా వాడుకుంటారు, ఎందుకు వాడుకోలేరు అన్నదే దాని విషయం. 2005లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది, అక్కడి ఆచార్యురాలు లోరీ క్రానర్ దానికి మూలపురుషురాలు. ఫిలడెల్ఫియా ప్రయాణంలో నా డబ్బు గిట్టుబాటైంది ఇక్కడే. చిన్నది కాబట్టి రెండో పూటకే ముఖాలు గుర్తుపడతాం. పైగా ఇక్కడ మన ఇళ్ల ఊసు వస్తుంది. 2018లో నిత్యా సాంబశివన్ బృందం ఇక్కడ చదివిన పేపరు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో ఆడవాళ్లు ఫోన్‌ను ఎలా కాపాడుకుంటారో చూసిన అధ్యయనం అది. ఫోను ఒకరిది కాదు. అత్తగారు అడుగుతారు, పిల్లలు లాక్కుంటారు, భర్త చూస్తాడు. అందుకని లాక్ పెడతారు, కొన్ని యాప్‌లకు వేరే తాళం వేస్తారు, అవసరమైన మెసేజీ ఒక్కటే చెరిపేస్తారు, మొత్తం చెరిపేస్తే అనుమానం వస్తుంది కనుక. ఇదంతా మా అమ్మకు, మా పనమ్మాయికి, నాకు తెలిసిందే. కానీ ఫోను అంటే ఒక మనిషి సొంత వస్తువు అని నమ్మి సాఫ్ట్‌వేర్ రాసే కాలిఫోర్నియా కుర్రాడికి అది పేపరై, అంకెలతో, సమీక్ష దాటి వస్తేనే ఎక్కుతుంది. ఈ సదస్సులకు ఇంతకన్నా మంచి ఉపయోగం నాకు తోచదు.

బ్రిస్టల్‌కు వస్తాను.

పెట్స్ 2000లో బర్కిలీలో చిన్న వర్క్‌షాపుగా మొదలైంది. అజ్ఞాతంగా సందేశాలు పంపడం ఎలా అన్నది అప్పటి గొడవ. ఇప్పుడు దానికి సొంత జర్నల్ ఉంది, పేపర్లు పంపడానికి ఏడాదికి నాలుగు గడువులు ఉన్నాయి. ఈ నాలుగు గడువుల పద్ధతి నాకు చాలా నచ్చింది. వేరేచోట్ల పేపరు తిరస్కరిస్తే నెలలు వృథా అయి మళ్లీ మొదటికి వస్తుంది. ఇక్కడ "ఇవి సరిచేసి తీసుకురా" అని చెప్పే తీర్పు కూడా ఉంది, సరిచేశాక అదే సమీక్షకులు చూస్తారు. రచయితలు కూడా మనుషులే అన్న గుర్తింపు ఆ పద్ధతిలో ఉంది. ఏటా ఇచ్చే పెద్ద బహుమతి కాస్పర్ బౌడెన్ పేరు మీద ఉంటుంది. మైక్రోసాఫ్ట్‌లో గోప్యతా సలహాదారుగా ఉండి, అమెరికా నిఘా చట్టం విదేశీయుల సమాచారాన్ని ఎలా మింగేస్తుందో స్నోడెన్ బయటపెట్టకముందే హెచ్చరించిన మనిషి. అప్పట్లో ఎక్కువమంది చెవిన పెట్టలేదు. 2015లో చనిపోయాడు. వినిపించుకోని మాట చెప్పినవాడి పేరుతో బహుమతి ఇచ్చే సభ మీద నాకు సహజంగానే గౌరవం కలిగింది.

ఇక్కడా ఒకేసారి రెండు మూడు హాళ్లు నడుస్తాయి, అయినా ఊపిరాడుతుంది. అడగకుండా ఫోటో తీసేవాళ్లు నాకు కనబడలేదు. మొదటి రోజు టీ దగ్గర ఒంటరిగా నిలబడితే, తెల్లజుట్టు పెద్దాయన ఒకరు వచ్చి, నేను ఏం చేస్తుంటానో అడిగి, "చెల్లింపులా? అయితే మీరు వీళ్లతో మాట్లాడాలి" అని చేయి పట్టుకున్నంత పనిచేసి ఇంకో గుంపులో కలిపాడు. నాకు కావలసింది అదే.

ఆ గుంపులో జరిగిన చర్చ కోసమే ఈ సమీక్ష రాయాలనిపించింది. బ్రిటన్‌లో అప్పుడు ఒక కొత్త నిబంధన గురించి బ్యాంకులు తలలు పట్టుకుని ఉన్నాయి. మోసగాడి మాట నమ్మి ఖాతాదారు తన చేత్తోనే డబ్బు పంపితే, ఆ నష్టాన్ని బ్యాంకులే భరించాలన్నది ఆ నిబంధన. పంపిన బ్యాంకు సగం, అందుకున్న బ్యాంకు సగం. తర్వాత అక్టోబరు 7 నుంచి అది అమల్లోకి వచ్చింది, గరిష్ఠంగా 85 వేల పౌండ్ల వరకు. నేను మన సంగతి చెప్పాను. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, మూడు పనిదినాల్లోగా చెప్పినవారికి నష్టం ఉండదు. కానీ పోలీసునని బెదిరించి, లేదా కరెంటు కట్ చేస్తానని భయపెట్టి యూపీఐ పిన్ మన చేతే కొట్టిస్తే? అప్పుడు పంపింది మనమే కదా అంటారు. అక్కడున్న వాళ్లలో ఒకరు వెంటనే అన్నారు, సరిగ్గా ఇదే వాదన బ్రిటన్ బ్యాంకులు ఏటీఎంల కాలంలో చేశాయని.

ఆ కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే, కేంబ్రిడ్జి భద్రతా పరిశోధకుడు రాస్ ఆండర్సన్ చెప్పింది. ఆయన ఆ ఏడాది మార్చిలోనే పోయారు, బ్రిస్టల్‌లో చాలామంది ఆయన్ను తలుచుకున్నారు. ఏటీఎం మోసం జరిగితే అప్పట్లో అమెరికాలో రుజువు భారం బ్యాంకుది, బ్రిటన్‌లో ఖాతాదారుది. బ్రిటన్ బ్యాంకులకు ఇది లాభమే అనుకుంటాం. కానీ ఫిర్యాదు చేసినవాడే అబద్ధాలకోరు అని తేలిగ్గా తోసేయగలిగిన బ్యాంకులు ఒళ్లు దాచుకున్నాయి, చివరికి మోసాలు అక్కడే ఎక్కువయ్యాయి. నష్టం ఎవరి నెత్తిన పడుతుందో వాళ్లే తలుపుకు మంచి తాళం వేస్తారని ఆయన 2001లో రాశారు. ఆ ఆలోచన నుంచే మరుసటి ఏడాది వీస్ అనే సదస్సు పుట్టింది, భద్రతను ఆర్థికశాస్త్రం కళ్లతో చూసేది. ఆ పేపరు నేను ఏనాడో చదివాను. అయినా చెల్లింపుల మోసాలు చూసే ఒక బ్రిటిష్ ఆవిడ ఎదురుగా నిలబడి, అందుకునే బ్యాంకు మీద కూడా సగం భారం వేస్తే మోసగాళ్లు డబ్బు మళ్లించడానికి వాడే అద్దె ఖాతాలు తెరవడంలో బ్యాంకులు ఎలా జాగ్రత్తపడతాయో లెక్కవేసి చెప్పడం వేరు. నా నోట్‌బుక్‌లో ఆ రోజు రాసుకున్న పేజీలే వెనక్కి వచ్చాక మా ఆఫీసులో సమర్పించిన నివేదికలో సగం.

రుణాల యాప్‌ల గురించి కూడా అక్కడే చెప్పాను. 2020 చివర్లో హైదరాబాద్ పోలీసులు ఆ ముఠాల మీద పడినప్పుడు బయటికొచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. అప్పు తీసుకున్నవాడి ఫోనులోని కాంటాక్టులన్నీ లాగేసి, చుట్టాలకు, ఆఫీసువాళ్లకు ఫోన్లు చేసి పరువు తీయడమే వసూలు పద్ధతి. 2022లో రిజర్వు బ్యాంకు అటువంటి యాప్‌లు కాంటాక్టులు, కాల్ జాబితా, ఫైళ్లు ముట్టకూడదని చెప్పింది. ఫోన్‌లో వచ్చే అనుమతుల పెట్టె మీద ఏళ్లుగా పేపర్లు రాస్తున్న ఒక కుర్రవాడు దీన్ని విని నిజంగా నోరు తెరిచాడు. అతని దృష్టిలో కాంటాక్టుల అనుమతి అంటే ప్రకటనల బెడద. మన దగ్గర దానివల్ల ప్రాణాలు పోయాయి.

చివరి రోజుల్లో ఇంకో సంఘటన జరిగింది, ఎవరూ ఏర్పాటు చేయనిది. జులై 19, శుక్రవారం. పొద్దున లేచేసరికి కంప్యూటర్లకు కాపలా కాసే సాఫ్ట్‌వేర్ అమ్మే క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లను కూల్చేసింది. దాదాపు 85 లక్షల యంత్రాలని తర్వాత మైక్రోసాఫ్ట్ చెప్పింది. విమానాశ్రయాలు ఆగిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాసు ఫోటో మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమైంది, "నువ్వు భద్రత సభలోనే ఉన్నావుగా, ఆపలేకపోయావా" అన్న మా బాబాయి వ్యాఖ్యతో సహా. ఆ రోజు టీ విరామంలో ఇంకో మాట లేదు. దాడి కాదు, దొంగ లేడు, కాపలాదారే తలుపు విరగ్గొట్టాడు. ప్రపంచంలోని ఆసుపత్రులు, బ్యాంకులు, విమానాలు ఒకే కంపెనీ అప్‌డేట్ మీద ఎందుకు ఆధారపడ్డాయి, నష్టపరిహారం ఎవరు ఇవ్వాలి, ఒప్పందంలో బాధ్యత ఎంత వరకు పరిమితం చేసుకున్నారు అని ఇంజనీర్లూ న్యాయవాదులూ కలిసి వాదించుకుంటుంటే నేను మధ్యాహ్నం ప్రసంగం ఒకటి వదిలేసి అక్కడే నిలబడిపోయాను. ఈ చర్చకు వీడియో లేదు, ఉండదు.

లోపాలు లేవా? ఉన్నాయి. పెట్స్‌లో గణితం బరువు ఎక్కువ. లెక్కలకు కాస్త తేడా కలిపి ఒక్కో మనిషి సమాచారం బయటపడకుండా చూసే డిఫరెన్షియల్ ప్రైవసీ హాల్లో మూడో స్లైడు దాటాక నాకు సూత్రాలు తప్ప ఏమీ కనబడలేదు, పక్కనున్నవాళ్లు తలాడిస్తుంటే నేనూ ఆడించాను. విధానం, చట్టం అన్నప్పుడల్లా అవి ఐరోపావో, అమెరికావో. ప్రతి రెండో పేపరు ముందుమాటలో ఐరోపా డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఉంటుంది. నూట నలభై కోట్ల మందికి వర్తించే మన డేటా రక్షణ చట్టం 2023లోనే వచ్చిందని తెలిసినవాళ్లు నాకు ఇద్దరు ముగ్గురే తగిలారు. ఇది పూర్తిగా వాళ్ల తప్పు కాదు, మనవాళ్లు అక్కడికి తక్కువ వెళ్లడం కూడా కారణం. 2005లోనే ఇప్పటి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ ఆచార్యుడు పొన్నురంగం కుమారగురు, లోరీ క్రానర్‌తో కలిసి భారతీయులకు గోప్యత మీద ఉన్న అవగాహన గురించి ఇదే వేదిక మీద చెప్పారు. ఆ తోవలో ఇంకా చాలామంది రావాలి.

హైదరాబాద్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒకటి చెప్పకుండా ఉండలేను. మన చేతుల మీదుగా ఈ సదస్సుల లోకాన్ని కుదిపిన పేపరు ఒకటుంది. 2010లో షికాగోలో జరిగిన సీసీఎస్ అనే కంప్యూటర్ భద్రత సదస్సులో, భారతదేశపు ఓటింగ్ యంత్రాల భద్రత మీద. హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్, ఆయన సహచరులు, మిషిగన్ విశ్వవిద్యాలయపు అలెక్స్ హాల్డర్‌మన్ బృందం, డచ్ నిపుణుడు రాప్ గాంగ్రైప్ కలిసి రాశారు. అంకెలు చూపే బోర్డును అచ్చం అలాగే కనిపించే వేరే బోర్డుతో మార్చి ఫలితం తారుమారు చేయవచ్చని, మెమరీ చిప్పుకు చిన్న పరికరం తగిలించి ఓట్లు మార్చవచ్చని చేసి చూపించారు. తమ కాపలాలో ఉన్న యంత్రాలను అలా ఎవరూ ముట్టుకోలేరన్నది ఎన్నికల సంఘం వాదన. యంత్రం ఎక్కడిదో చెప్పలేదని ఆగస్టులో హరిప్రసాద్‌ను హైదరాబాద్‌లో ఇంటి దగ్గరే అరెస్టు చేసి ముంబై తీసుకెళ్లారు, తర్వాత బెయిలు మీద వచ్చారు. ఆ ఏడాదే అమెరికాలోని డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీర్ అవార్డు ఇచ్చింది. ఫిలడెల్ఫియాలో నేను హైదరాబాద్ నుంచి అనగానే ఒకాయన ఈ పేపరు పేరెత్తాడు. బిర్యానీ తర్వాత వచ్చింది.

మిగతావాటి గురించి క్లుప్తంగా. విధానం, టెలికాం నియంత్రణే మీకు ముఖ్యమైతే వాషింగ్టన్‌లో జరిగే టీపీఆర్‌సీ ఉంది, 1972 నుంచి నడుస్తోంది. ఆర్థికవేత్తలు, న్యాయవాదులు ఎక్కువ. ఐరోపా చట్టాలే కావాలంటే బ్రస్సెల్స్‌లో సీపీడీపీ. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో మొదలుపెట్టిన ప్రైవసీకాన్‌కు రుసుమే లేదు, పాత వీడియోలు చూడండి, నియంత్రణ సంస్థ వాళ్లు పరిశోధకుడిని ఎలాంటి ప్రశ్నలు అడుగుతారో తెలుస్తుంది. ఈ మూడిటికీ నేను వెళ్లలేదు, చదివీ చూసీ చెబుతున్నాను. మన నగరాల్లో పెద్ద హోటళ్లలో జరిగే "సైబర్ సమ్మిట్" లాంటివాటికి మాత్రం వెళ్లాను. పేరు చెప్పను. గోప్యత మీద చర్చ జరుగుతున్న హాలు బయటే నా బ్యాడ్జీ మీది కోడ్‌ను స్కాన్ చేసి ఒక నీళ్ల సీసా ఇచ్చారు. తర్వాత నెల రోజులు ఫైర్‌వాల్ అమ్మేవాళ్ల ఫోన్లు. పైన చెప్పిన సదస్సులతో దాన్ని పోల్చడం అన్యాయం.

బ్రిస్టల్ గురించి చిన్న పక్కదారి. కాలేజ్ గ్రీన్‌లో రామ్మోహన్ రాయ్ విగ్రహం ఉంది. 1833లో ఈ ఊళ్లోనే ఆయన కన్నుమూశారు, ఆర్నోస్ వేల్ శ్మశానంలో సమాధి ఉంది. వీరేశలింగంగారిని ఆంధ్ర దేశపు రామ్మోహన్ రాయ్ అని చెప్పుకుంటూ పెరిగిన నాకు చూడకుండా రావాలనిపించలేదు. 1823లో కంపెనీ ప్రభుత్వం పత్రికలకు లైసెన్సు తప్పనిసరి చేస్తే, ఆయన నిరసనగా తన పారశీక పత్రికనే మూసేశారు. ఆ సాయంత్రం హాలులో బ్రిటన్ ఆన్‌లైన్ సేఫ్టీ చట్టం గురించి, గుప్తీకరించిన సందేశాలను ముందే తనిఖీ చేయమనే అధికారం గురించి వాదన జరిగింది. రాయ్‌గారు ఉంటే ముందు వరసలో కూర్చునేవారు.

ఖర్చు విషయానికి వస్తే మొహమాటం లేకుండా చెబుతాను. విమానం, హోటల్, వీసా, రుసుము కలిపితే హైదరాబాద్‌లో కొత్తగా చేరిన ఇంజనీరుకు కొన్ని నెలల జీతం. సొంత డబ్బుతో ఎవరూ వెళ్లొద్దు. పెట్స్‌కు ప్రయాణ సహాయం ఉంది, యూసెనిక్స్‌కు విద్యార్థి గ్రాంట్లు ఉన్నాయి, అడగడానికి సిగ్గుపడొద్దు. బ్రిస్టల్ పెట్స్‌ను ఆన్‌లైన్‌లో కూడా హాజరవ్వగలిగేలా నడిపారు. వినడం వరకు అది చాలు, టీ దగ్గర సంభాషణ మాత్రం దొరకదు. వీసాకు సదస్సు నుంచి ఆహ్వాన లేఖ ముందే తెప్పించుకోండి. నాకు అమెరికాకు పాత పదేళ్ల వీసా ఉండబట్టి ఫిలడెల్ఫియా సాధ్యమైంది, లేకపోతే ఇంటర్వ్యూ తేదీ కోసం చూస్తూ కూర్చునేదాన్ని. పరిశోధన చేసే పిల్లలైతే పూర్తి పేపరు కాకపోయినా ఒక పోస్టరు పంపండి. చేతిలో పోస్టరు ఉంటే ఎవరితో మాట కలపాలా అన్న బెంగ ఉండదు, వాళ్లే వస్తారు.

మార్కులు వేయమంటే పెట్స్‌కు అయిదుకు నాలుగున్నర, గణితానికి అర మార్కు కోత. సూప్స్‌కు నాలుగు. యూసెనిక్స్ సెక్యూరిటీకి గ్రంథాలయంగా అయిదు, ప్రయాణంగా రెండున్నర.

ఇది రాసేనాటికి 2025 సదస్సులు ఇంకా ముందున్నాయి, పెట్స్ వాషింగ్టన్‌లో, యూసెనిక్స్ సియాటిల్‌లో. వాషింగ్టన్‌కు మా మేనేజర్‌గారి దగ్గర దరఖాస్తు పెట్టాను, అప్పటికి ఆయన ఇంకా సంతకం చేయలేదు. సియాటిల్ మాట ఎత్తలేదు, ఆ పేపర్లు వచ్చిన రోజే దించుకుందామనుకున్నాను.